అతిశీతలంలో అతివాహక వలయాలు

కొన్ని లోహాలను ఒక హద్దు దాటేంతగా చల్లబరిస్తే వాటిలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. అలాంటి లోహంతో చేసిన ఉంగరంలో ఒకసారి కరెంటు పుట్టించి బ్యాటరీ తీసేసినా, ఆ కరెంటు నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ స్థితికి అతివాహకత్వమని పేరు. 1911 ఏప్రిల్ 8న నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ బృందం దీన్ని పాదరసంలో మొదటిసారి గమనించింది. పాదరసానికి ఆ హద్దు 4.2 కెల్విన్లు. ప్రకృతిలో అంతకన్నా తగ్గడానికి వీల్లేని చలి మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. దాన్నే పరమశూన్యం అంటారు. కెల్విన్ లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. కాబట్టి 4.2 కెల్విన్లంటే మైనస్ 269 డిగ్రీలు. సీసం 7.2 కెల్విన్ల దగ్గర, నయోబియం 9.3 దగ్గర, అల్యూమినియం 1.2 దగ్గర అతివాహకాలవుతాయి. ఇళ్లలో కరెంటు తీగలుగా వాడే రాగి మాత్రం ఎంత చల్లబరచినా ఆ స్థితికి రాదు.

ఈ అంకెలు ఎంత చలిని చెబుతున్నాయో నెల్లూరు తీరంలో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఇక్కడి చెరువుల్లో పెంచిన రొయ్యలు ఎగుమతికి వెళ్లేముందు మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి. అదే తీరంలో దక్షిణం కొసన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య, రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఉంది. చాలాకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన ఆ దీవిలో అంతకన్నా ఎంతో లోతైన చలి నిత్యవ్యవహారం. క్రయోజెనిక్ ఇంజిన్‌కు కావలసిన ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటాయి. 2010 ఏప్రిల్‌లో దేశీయ క్రయోజెనిక్ దశతో చేసిన మొదటి ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న అలాంటి దశతోనే జి.ఎస్.ఎల్.వి. డి-5 రాకెట్ విజయం సాధించింది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్.వి.ఎం.-3 రాకెట్ పైదశలో ఈ రెండు ద్రవాలూ కలిపి సుమారు 28 టన్నులు పట్టాయి. తేమ నిండిన సముద్రపు గాలి మధ్య అంత చల్లని ద్రవాన్ని నిలపాలంటే గొట్టాలకు రెండు గోడలుండాలి, ఆ గోడల మధ్య గాలి తీసేయాలి, అల్యూమినియం పూత పూసిన పలుచని ప్లాస్టిక్ పొరలు చుట్టాలి. అతివాహక వలయాలను దాచే పాత్రలను కట్టేదీ ఇదే విద్యతో.

అయితే శ్రీహరికోట చలి కూడా నయోబియానికి చాలదు. ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్ల దగ్గర మరుగుతుంది. అందులో ముంచిన నయోబియం మామూలు లోహంగానే ఉండిపోతుంది. ఇంకా కిందికి దిగాలంటే మిగిలిన ద్రవం ఒక్కటే, హీలియం. అది 4.2 కెల్విన్ల దగ్గర మరుగుతుంది.

హీలియం కథలో తెలుగునేలకు ముఖ్యమైన చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ప్రాంతం మీదుగా సాగినప్పుడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్స్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో సిద్ధంగా ఉన్నారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలో పసుపుపచ్చ గీత ఒకటి. అది సోడియం గీతలకు దగ్గరగానే ఉన్నా వాటితో సరిగ్గా కలవలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో నార్మన్ లాకయర్ ఆ గీతను పరిశీలించి, తరువాత భూమిమీద తెలియని మూలకం ఏదో సూర్యుడిలో ఉందన్నాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పడింది. 1895లో విలియం రామ్సే దాన్ని యురేనియం ఖనిజం నుంచి బయటికి తీశాడు. 1908 జులై 10న ఓన్నెస్ దాన్ని ద్రవంగా మార్చాడు. అందుకు కావలసిన వాయువును ఆయన మోనజైట్ ఇసుకను వేడిచేసి రాబట్టాడు. ఆంధ్ర, కేరళ తీరాల్లో దొరికే నల్ల ఇసుకలో ఉన్న ఖనిజం కూడా మోనజైటే. హీలియం ద్రవంగా మారకపోతే మూడేళ్ల తరువాత అతివాహకత్వం కనబడేదే కాదు.

నిరోధం ఎందుకు మాయమవుతుందో తేలడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ముగ్గురూ ఇచ్చిన వివరణ ఇది. మామూలు లోహంలో ఎలక్ట్రాన్లు ఎవరి దారిన అవి పోతూ, కంపించే పరమాణువులకు తగిలి శక్తి పోగొట్టుకుంటాయి. తీగ వేడెక్కేది అందుకే. అతిశీతలంలో ఎలక్ట్రాన్లు రెండేసి జతకడతాయి. ఆ జతలన్నీ ఒకే తరంగంగా, ఒకే లయలో కదులుతాయి. ఒక జతను ఆ లయ నుంచి విడదీయడానికి కొంత కనీస శక్తి కావాలి. ఆ చలిలో పరమాణువుల కంపానికి అంత శక్తి ఉండదు. అందుకే అడ్డు అనేదే ఉండదు.

అతివాహకాల ఉపయోగాలు రెండు పాయలుగా సాగాయి. ఒకటి భారీ కరెంటు మోసే తీగచుట్టలు. నెల్లూరు వంటి జిల్లా కేంద్రాల ఆసుపత్రుల్లో ఉన్న ఎం.ఆర్.ఐ. యంత్రం లోపలి అయస్కాంతం ఆ కోవలోది. నయోబియం, టైటానియం కలిపిన తీగను ద్రవ హీలియంలో ఉంచి 1.5 టెస్లా బలమున్న క్షేత్రాన్ని పుట్టిస్తారు. రెండో పాయ ఎలక్ట్రానిక్ వలయాలది. ఇక్కడ లోహం మందం మిల్లీమీటరులో పదివేల వంతు, కరెంటు ఆంపియరులో లక్షల వంతు. పెద్ద కరెంటును మోయడం వీటి పని కాదు. గది వేడిలో పనిచేసే ఏ పరికరానికీ అందనంత చిన్న సంకేతాన్ని పట్టుకోవడమే వీటి పని. వేడి ఉన్నచోట ఎలక్ట్రాన్ల అల్లరి ఉంటుంది, ఆ అల్లరి నుంచి రొద పుడుతుంది, చిన్న సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది. చలి ఆ రొదను అణచివేస్తుంది. అతివాహకత్వం ఆ నిశ్శబ్దంలో వినగలిగే చెవిని ఇస్తుంది. ఈ రంగంలోని ఉపయోగాలన్నిటికీ మూలం ఇదే.

వలయాల పాయకు ప్రాణం జోసెఫ్‌సన్ సంధి. రెండు అతివాహక పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల మందం గల నిరోధక పొర ఉంచితే సంధి తయారైనట్టే. తయారీ పైకి చాలా సులువుగా కనిపిస్తుంది. శూన్యపాత్రలో అల్యూమినియం పొర వేసి, కాస్త ఆక్సిజన్ వదిలి, పైన పలుచని తుప్పుపొర ఏర్పడగానే మళ్లీ అల్యూమినియం వేస్తారు. ఆ తుప్పుపొర మందంలో ఒక్క పరమాణువు తేడా వచ్చినా సంధి గుణం మారిపోతుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది. మామూలు లెక్కన నిరోధక పొర గుండా కరెంటు పోకూడదు. కానీ ఎలక్ట్రాన్ జతలు, తరంగ స్వభావం వల్ల, వోల్టేజీ ఏమీ లేకుండానే అవతలి వైపుకు చేరగలవని 1962లో కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిగా ఉన్న 22 ఏళ్ల బ్రయన్ జోసెఫ్‌సన్ లెక్కకట్టి చూపాడు. పేరున్న పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆండర్సన్, రోవెల్ ప్రయోగం చేసి అది నిజమని తేల్చారు. 1973లో జోసెఫ్‌సన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక అతివాహక ఉంగరంలో ఇలాంటి సంధులు రెండు పెడితే స్క్విడ్ అనే పరికరం అవుతుంది. 1964లో ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధనశాలలో ఇది పుట్టింది. ఉంగరం గుండా పోయే అయస్కాంత ప్రవాహం ఏ కొంచెం మారినా, రెండు దారుల్లో వచ్చే తరంగాల లయ మారి, బయట వోల్టేజీ పెరిగి తగ్గుతుంది. అలా మనిషి చేసిన అయస్కాంత సెన్సర్లన్నిటిలోకీ అతిసున్నితమైన వాటిలో ఇది ఒకటైంది. భూమి అయస్కాంత క్షేత్రం నెల్లూరు ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లాలు ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు ఛాతీ బయట పుట్టే క్షేత్రం అందులో పది లక్షల వంతు దరిదాపుల్లో ఉంటుంది. మెదడులో నాడీకణాలు కలిసి స్పందించినప్పుడు తల బయటికి వచ్చేది సుమారు 40 కోట్ల వంతు. స్క్విడ్ ఈ రెంటినీ కొలుస్తుంది.

ఈ పని మన దేశంలో పట్టుదలగా సాగిన చోటు కోరమాండల్ తీరంలోనే ఉంది. శ్రీహరికోట నుంచి అదే సముద్రం వెంట దక్షిణంగా పోతే, చెన్నై దాటాక కల్పాక్కం వస్తుంది. అక్కడి ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో భౌతిక శాస్త్రజ్ఞులు నయోబియంతో స్క్విడ్ సెన్సర్లను సొంతంగా తయారుచేశారు, వాటితో గుండె అయస్కాంత సంకేతాలనూ మెదడు అయస్కాంత సంకేతాలనూ కొలిచే యంత్రాలను నిర్మించారు. కొలత జరిగే తీరు గమనించదగ్గది. ప్రత్యేకమైన నికెల్ మిశ్రమలోహపు పలకలు, అల్యూమినియం పలకలు పొరలుగా వేసిన గోడల గది ఒకటి ఉంటుంది. బయట పోయే లారీ ఇనుము, లిఫ్టు మోటారు, కరెంటు తీగల హోరు లోపలికి రాకుండా ఆ గోడలు అడ్డుకుంటాయి. గది లోపల ద్రవ హీలియం నింపిన ఫైబర్ గ్లాసు పాత్ర ఉంటుంది. లోహపు పాత్ర అయితే తనే అయస్కాంత రొద పుట్టిస్తుంది కనుక ఫైబర్ గ్లాసు వాడతారు. పాత్ర అడుగున సెన్సర్లు, వాటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో రోగి శరీరం. రోగి ఒంటిమీద లోహం ఉండకూడదు, చేతి గడియారం తీసేయాలి. సూది లేదు, అతికించే పట్టీ లేదు, కిరణాలు లేవు. రోగి కదలకుండా ఉంటే చాలు. శరీరం తనంత తాను పుట్టించే క్షేత్రాన్ని యంత్రం వింటుంది. మూర్ఛరోగంలో మెదడులో మూర్ఛ మొదలయ్యే చోటును గుర్తించడానికి ఈ కొలత వైద్యులకు తోడ్పడుతుంది. అతివాహక వలయాల ఉపయోగాల్లో మనిషికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఇదే. దీనికి రావలసినంత ప్రచారం రాలేదు.

స్క్విడ్‌కు నేల లోపలి ఖనిజాలను వెతకడంలోనూ పని ఉంది, అదీ ద్రవ హీలియం అవసరం లేకుండానే. 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కనుగొన్న కొత్త తరగతి పింగాణి అతివాహకాల్లో ఒకటి 92 కెల్విన్ల దగ్గరే అతివాహకమవుతుంది. దానికి ద్రవ నైట్రోజన్ చాలు. నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్ల దగ్గర, దొరకడం తేలిక, ధర తక్కువ. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. సంస్థ అలాంటి స్క్విడ్‌తో ల్యాండ్‌టెమ్ అనే పరికరాన్ని చేసింది. నేలమీద పరచిన తీగచుట్టలో కరెంటు పంపి ఠక్కున ఆపితే, కింద ఉన్న నికెల్, రాగి వంటి వాహక ఖనిజాల్లో సుడికరెంట్లు పుట్టి మెల్లగా అణగిపోతాయి. ఆ అణగిపోవడాన్ని స్క్విడ్ చివరిదాకా వినగలదు. నెల్లూరు దగ్గరి గూడూరులో దొరికే, విద్యుత్తును నిరోధించే అభ్రకాన్ని మాత్రం ఈ పద్ధతి పట్టలేదు.

తూకానికి తూనికరాయిలాగా వోల్టుకు కూడా ప్రమాణం కావాలి. దాన్ని నేడు ఇస్తున్నది జోసెఫ్‌సన్ సంధే. సంధి మీద మైక్రోతరంగాలు పడితే దానిలో వోల్టేజీ మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్కో మెట్టు ఎత్తు తరంగపు పౌనఃపున్యం మీదా, ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం మీదా మాత్రమే ఆధారపడుతుంది. ఏ లోహం, ఏ దేశం, ఎవరు చేశారు అన్నదానితో పని లేదు. 75 గిగాహెర్ట్జ్ తరంగానికి ఒక మెట్టు సుమారు 155 మైక్రోవోల్టులు. కనుక ఒక వోల్టు రావాలంటే వేల సంధులను ఒకే చిప్ మీద వరుసగా కలపాలి. దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో దేశపు వోల్టును నిలబెడుతున్నది ఈ పద్ధతే. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకానికీ ఎలక్ట్రాన్ ఆవేశానికీ ఖచ్చితమైన విలువలు నిర్ణయించడంతో దీని స్థానం మరింత గట్టిపడింది.

కాంతిని పట్టే పనిలో అతివాహక వలయాలు ఇటీవల పెద్ద అడుగు వేశాయి. నయోబియం నైట్రైడ్‌తో చేసిన, సుమారు 100 నానోమీటర్ల వెడల్పు గల తీగను పాము మెలికల్లా చిన్న గడిలో పరుస్తారు. అతివాహకత్వం చెడిపోయే హద్దుకు కాస్త తక్కువగా దానిలో కరెంటు పంపి ఉంచుతారు. ఒకే ఒక్క కాంతికణం వచ్చి తగిలినా, తగిలినచోట జతలు విడిపోయి తీగ క్షణకాలం మామూలు లోహమవుతుంది. ఆ క్షణంలో లేచే వోల్టేజీ దెబ్బను లెక్కపెడితే కాంతికణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టినట్టే. 2023 అక్టోబరు 13న బయల్దేరిన నాసా సైకీ వ్యోమనౌక మీద లేజర్‌తో సమాచారం పంపే పరికరం ఉంది. ఆ డిసెంబరులో 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి అది పంపిన చిన్న వీడియోను కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండమీది హేల్ టెలిస్కోపుకు తగిలించిన ఇలాంటి శీతల తీగలే పట్టుకున్నాయి. లేజర్ కాంతి అంత దూరం వచ్చేసరికి విస్తరించి, టెలిస్కోపు అద్దం మీద చెదురుమదురు కణాలుగా మాత్రమే పడుతుంది. రేడియో బదులు లేజర్‌తో వేగంగా సమాచారం తెప్పించుకోవాలనుకునే ప్రతి అంతరిక్ష సంస్థకూ నేలమీద ఇలాంటి శీతల కన్ను కావలసి వస్తుంది. శ్రీహరికోట నుంచి బయల్దేరే నౌకలు దూరగ్రహాల దారి పట్టేకొద్దీ ఈ అవసరం మన దాకా వస్తుంది.

ఖగోళ శాస్త్రంలో మరో ఉపయోగం ఇంకా పాతది. చిలీలోని అటకామా ఎడారిలో, సముద్రమట్టానికి 5000 మీటర్ల ఎత్తున, ఆల్మా అనే 66 యాంటెన్నాల టెలిస్కోపు ఉంది. ప్రతి యాంటెన్నా లోపలా 4 కెల్విన్ల దగ్గర నయోబియం సంధులు పనిచేస్తున్నాయి. మిల్లీమీటరు తరంగాలను తక్కువ పౌనఃపున్యానికి దించి వినిపించే పని వాటిది. 2019 ఏప్రిల్ 10న లోకం చూసిన కృష్ణబిలపు మొదటి చిత్రానికి సంకేతాలు సేకరించిన టెలిస్కోపుల్లో ఆల్మా ముఖ్యమైనది.

కంప్యూటర్ల దారి మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. 1950ల్లోనే అమెరికాలో డడ్లీ బక్ అతివాహక తీగలతో క్రయోట్రాన్ అనే స్విచ్ చేశాడు. సిలికాన్ ట్రాన్సిస్టర్ వేగం ముందు అది నిలవలేదు. తరువాత ఐబీఎం సంస్థ జోసెఫ్‌సన్ సంధులతో కంప్యూటర్ చేయాలని ఏళ్ల తరబడి శ్రమించి 1983లో మానుకుంది. సీసపు మిశ్రమంతో చేసిన సంధులు చల్లబరచి వేడిచేసిన ప్రతిసారీ దెబ్బతినడం వారికి ఎదురైన చిక్కుల్లో ఒకటి. సరిగ్గా అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో నయోబియం, అల్యూమినియం ఆక్సైడ్‌తో గట్టి సంధి చేసే పద్ధతి వచ్చింది. 1985లో మాస్కోలో లిఖరేవ్, ముఖనోవ్, సెమెనోవ్ కొత్త తర్కవలయాన్ని ప్రతిపాదించారు. అందులో ఒకటి, సున్నా అన్నవి వోల్టేజీ స్థాయిలు కావు. సంధి గుండా ఒక్క క్వాంటం అయస్కాంత ప్రవాహం దూకితే ఒకటి, దూకకపోతే సున్నా. ఆ దూకుడు సెకనులో లక్ష కోట్ల వంతు స్థాయి కాలంలో ముగుస్తుంది, దానికయ్యే శక్తి అత్యల్పం. 1999 నాటికి ఈ పద్ధతిలో ఒక సరళమైన వలయం 770 గిగాహెర్ట్జ్ దాకా నడిచింది. ఇంత వేగమున్నా బజారులోకి ఎందుకు రాలేదన్నది న్యాయమైన ప్రశ్న. శీతలీకరణ ఖర్చు ఒక కారణం. 4 కెల్విన్ల దగ్గర ఒక వాటు వేడిని బయటికి తోడాలంటే ప్రకృతి నియమం ప్రకారమే 70 వాట్లకు పైగా ఖర్చవుతుంది, ఆచరణలో అది కొన్ని వందల వాట్లు దాటుతుంది. అదే చలిలో దట్టమైన మెమరీ లేకపోవడం ఇంకా పెద్ద కారణం. లెక్క వేగంగా చేసినా, ఆ అంకెలను దాచే చోటు పక్కనే లేకపోతే ఆ వేగం వృథా.

అతివాహక వలయాల పేరు మళ్లీ మారుమోగడానికి కారణం క్వాంటం కంప్యూటర్. దీని వేరు 1984, 85ల్లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో జరిగిన ప్రయోగాల్లో ఉంది. జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్ కోట్ల కొలది ఎలక్ట్రాన్ జతలున్న ఒక జోసెఫ్‌సన్ వలయం మొత్తంగా ఒకే పరమాణువులా ప్రవర్తిస్తుందనీ, దాని శక్తి నిచ్చెన మెట్లలా విడివిడిగా ఉంటుందనీ చూపారు. 2025 భౌతికశాస్త్ర నోబెల్ ముగ్గురికీ వచ్చింది. 1999లో జపాన్‌లో నకమురా, పాష్కిన్, త్సాయ్ అలాంటి వలయంతో మొదటి అతివాహక క్యూబిట్‌ను, అంటే క్వాంటం లెక్కలో సున్నానూ ఒకటినీ మోసే వలయాన్ని, చేశారు. 2007లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ట్రాన్స్‌మాన్ అనే స్థిరమైన రూపం వచ్చింది. ఒక సంధి, దాని పక్కన ఒక కెపాసిటర్, అంతే ఆ వలయం. సంధి వల్ల శక్తి మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు. అందుకే సరైన పౌనఃపున్యం గల మైక్రోతరంగ దెబ్బతో అడుగు రెండు మెట్లను మాత్రమే వాడుకోవచ్చు. కింది మెట్టు సున్నా, పై మెట్టు ఒకటి. రెండింటి మిశ్రమస్థితి కూడా సాధ్యమే. క్వాంటం లెక్కకు ఆధారం ఆ మిశ్రమస్థితే.

ఇక్కడ హీలియం మామూలు చలి కూడా చాలదు. సుమారు 5 గిగాహెర్ట్జ్ మైక్రోతరంగ కణం శక్తి 0.24 కెల్విన్ల వేడితో సమానం. గది వేడిలో అదే తీగలో అలాంటి కణాలు వెయ్యికి పైగా ఊరికే తిరుగుతుంటాయి. 4 కెల్విన్ల దగ్గరా పదిహేను పైచిలుకే ఉంటాయి. క్యూబిట్‌ను తన కింది మెట్టులో ప్రశాంతంగా కూర్చోబెట్టాలంటే 0.02 కెల్విన్లకు, ఇంకా దిగువకు పోవాలి. ఆ పని డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ చేస్తుంది. హీలియంలో రెండు రకాలున్నాయి, హీలియం-3, హీలియం-4. 0.87 కెల్విన్ల దిగువన ఈ రెంటి మిశ్రమం నూనె, నీళ్ల మాదిరిగా రెండు పొరలుగా విడిపోతుంది. పై పొరలోని హీలియం-3 కింది పొరలోకి దాటేటప్పుడు, కుండ పైన చెమ్మ ఆరుతూ లోపలి నీటిని చల్లబరచినట్టే, చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. యంత్రం పైనుంచి కిందికి అంతస్తులుగా వేలాడుతుంది. బంగారు పూత పూసిన రాగి పలకలు ఒక్కో అంతస్తు. మొదటిది 50 కెల్విన్ల దగ్గర, తరువాతిది 4 దగ్గర, ఇంకా కిందికి పోతే ఒకటిలోపు, అట్టడుగున చిప్. మూతలు బిగించి, గాలి తోడి, చల్లబరచడం మొదలుపెట్టాక అడుగు చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంత చేసినా ఆ అడుగు అంతస్తు భరించగల వేడి వాటులో లక్షల వంతుల్లోనే ఉంటుంది. గది నుంచి దిగే ప్రతి కేబుల్ తనతో వేడినీ రొదనూ తెస్తుంది. వాటిని దారిలో ఒక్కో అంతస్తులో అణచివేస్తూ దించాలి. క్యూబిట్ ఇచ్చే జవాబు మరీ బలహీనం. దాన్ని మొదట పెద్దది చేసే యాంప్లిఫయరు కూడా జోసెఫ్‌సన్ సంధులతో చేసిందే.

ఈ విద్య మన దేశంలో బలంగా నాటుకున్నది ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో. అక్కడ ఆర్. విజయ్ నేతృత్వంలోని ప్రయోగశాల, పుణెలోని డి.ఆర్.డి.ఓ. యువ శాస్త్రవేత్తల క్వాంటం ప్రయోగశాల, టీసీఎస్ కలిసి చేసిన 6 క్యూబిట్ల అతివాహక ప్రాసెసర్ పరీక్ష పూర్తయినట్టు 2024 ఆగస్టులో ప్రకటన వచ్చింది. అంతకుముందు 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్ విషయానికొస్తే, గుంటూరు జిల్లాలోని అమరావతిలో క్వాంటం వ్యాలీ టెక్ పార్కు నెలకొల్పి, అందులో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ గల ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూను ఉంచుతామని 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ ప్రకటించాయి. హెరాన్ అతివాహక చిప్. అంటే జాన్సెన్ టెలిస్కోపు నిలిపిన జిల్లాకే హీలియంతో చల్లబడే వలయాన్ని తేవాలన్నది ప్రణాళిక.

ఇలాంటి యంత్రం ఎన్ని లెక్కలు ఎంత వేగంగా చేస్తుందన్న దానిమీదే అందరి చూపూ ఉంటుంది. కానీ దాన్ని నిలబెట్టేది చలి పనివారు. శూన్యం కారకుండా కీలు బిగించేవారు, మైక్రోతరంగ కేబుల్‌ను కొలిచి చూసేవారు, అయిపోతున్న హీలియాన్ని తిరిగి పట్టి శుద్ధిచేసేవారు కావాలి. మన దేశం హీలియాన్ని ప్రధానంగా దిగుమతి చేసుకుంటుంది. హీలియం-3 అయితే హైడ్రోజన్‌లో ఒక రకమైన ట్రిషియం క్షీణించినప్పుడు పుట్టే వాయువు, అరుదైనది, ఖరీదైనది. ట్రిషియం సగం తరిగిపోవడానికే 12.3 ఏళ్లు పడుతుంది. కనుక కావలసినప్పుడు కావలసినంత దొరకదు. ద్రవ హైడ్రోజన్‌తో పనిచేసే నైపుణ్యం శ్రీహరికోటలో దశాబ్దాలుగా పెరిగింది, స్క్విడ్లు చేసే నైపుణ్యం కల్పాక్కంలో పెరిగింది. వీటి మధ్య దూరం కొన్ని గంటల ప్రయాణం. ఇంజనీరింగ్ కాలేజీలు ఇంత ఉన్న జిల్లాల్లో శీతలశాస్త్రం, శూన్యసాంకేతికత పాఠాలుగా రావడానికి ఇంతకన్నా అనువైన కాలం లేదు.

క్యూబిట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఎదురయ్యే అసలు అడ్డంకి తీగలు. ఇప్పటి యంత్రాల్లో క్యూబిట్లను నడిపే మైక్రోతరంగ దెబ్బలు గది వేడిలోని పెట్టెల నుంచి కేబుళ్ల గుండా దిగుతాయి. వందల క్యూబిట్లకు ఇది చెల్లుతుంది. లోపాలను తనే దిద్దుకునే యంత్రానికి లక్షల క్యూబిట్లు కావాలి. అన్ని కేబుళ్లను ఆ చలిలోకి దించడం కుదరదు. అందుకే 1985లో మాస్కోలో పుట్టిన ఒంటి క్వాంటం తర్కవలయాలను 4 కెల్విన్ల అంతస్తులో పెట్టి, క్యూబిట్లను దగ్గరినుంచే నడిపించాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. గది వేడిలోని కంప్యూటర్ నుంచి కొద్ది ఆదేశాలు మాత్రమే దిగుతాయి, మిగతా పని చలిలోనే జరుగుతుంది. ఆ తర్కవలయం వదిలే కొద్దిపాటి వేడి, చెదిరే ఎలక్ట్రాన్లు కింది అంతస్తులోని క్యూబిట్లను కలవరపెట్టకుండా చూడటం ఇంకా తేలని చిక్కు. రెండు చిప్‌ల మధ్య అతివాహక తీగలే వేయడం దానికి ఒక మార్గం. అతివాహకం కరెంటును అడ్డు లేకుండా పంపుతుంది కానీ వేడిని బాగా మోయదు. తర్కవలయానికీ క్యూబిట్‌కూ మధ్య తీగకు కావలసిన గుణాలు సరిగ్గా అవే.